పది వేళ్ళ లెక్క

లేత్ మిషను మీద పని చేసేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోకూడదు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు తలకిందులుగా అనిపించింది. రక్షణ కోసం వేసుకునేదాన్నే వద్దనడం ఏమిటి? కారణం తెలిశాక మాత్రం ఒళ్ళు జలదరించింది. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగే చక్‌కి ఒట్టి వేలు తగిలితే చర్మం లేచిపోతుంది, గాయమవుతుంది, అయినా వేలు వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. అదే గ్లవ్ కొస చిక్కుకుంటే గుడ్డ తెగదు, చుట్టుకుంటుంది. ముందు వేలు, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి. రెండో చెయ్యి స్విచ్ దాకా వెళ్ళేలోపే అంతా అయిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు, వేలికి ఉంగరం, చేతికి కట్టుకున్న మొక్కు దారం, అన్నిటిదీ ఇదే కథ.

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి కంపెనీలకి ఈఆర్‌పీలు పెట్టుకు తిరిగేవాడికి లేత్ మిషనుతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. కువైట్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ అంటే సగం రోజులు ఏసీ ఆఫీసులో, సగం రోజులు షువైఖ్‌లోనో మీనా అబ్దుల్లాలోనో రేకుల షెడ్డు పక్కన పోర్టా క్యాబిన్‌లో గడుస్తాయి. మనం రాసే స్టాకు లెక్కల్లోని నట్లూ బోల్టులూ షాఫ్టులూ అక్కడే తయారవుతాయి మరి. పైగా మేముండే బిల్డింగులో కింది అంతస్తులో గాజువాక నుంచి వచ్చిన ఒక మెషినిస్టు ఉంటారు. కంచరపాలెం ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చేసి, ఆటోనగర్‌లో పదేళ్ళు పని చేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్నారు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. గ్లవ్స్ సంగతి చెప్పింది ఆయనే. చక్ బిగించాక తాళం (చక్ కీ) దానిలోనే వదిలేసి మిషను ఆన్ చేస్తే అది తుపాకీ గుండులా ఎగిరొస్తుందనీ, మెలికలు తిరుగుతూ వచ్చే ఇనుప చిప్స్‌ని చేత్తో లాగకూడదనీ, కొక్కెంతోనే లాగాలనీ, కొత్త గ్రైండింగ్ వీల్‌ని బిగించే ముందు చిన్నగా తట్టి చూడాలనీ, గంటలా మోగితే మంచిదనీ, డబ్బున మూగగా పలికితే లోపల పగులు ఉన్నట్టనీ కూడా ఆయనే చెప్పారు. వీల్ తిప్పిన మొదటి నిమిషం దానికి ఎదురుగా నిలబడకూడదట. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారంటే, ఐటీఐలో మాస్టారు స్కేలుతో కొట్టి నేర్పారన్నారు :-)

అసలు ఈ ఊళ్ళోకి ఈ మిషన్లు ఎప్పుడొచ్చాయో చూద్దామని కొంచెం వెనక్కి వెళ్ళాను. నూనె రాకముందు కువైట్‌లో పెద్ద పరిశ్రమ అంటే పడవలు కట్టడమే. మలబారు తీరం నుంచి టేకు వచ్చేది. గల్లాఫ్ అని పిలిచే పడవ వడ్రంగులు బాడిసెతో, విల్లు కట్టి తిప్పే బర్మాతో పని చేసేవారు. ప్రమాదాలు వాళ్ళకీ ఉండేవి, కాకపోతే ఆ పనిముట్టు మనిషి చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంతే వేగంగా కదిలేది. చెయ్యి ఆగితే అదీ ఆగేది. కువైట్ ఆయిల్ కంపెనీ 1934లో ఏర్పడింది. అందులో సగం వాటా ఆంగ్లో-పర్షియన్‌ది, సగం అమెరికా గల్ఫ్ కంపెనీది. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది, మధ్యలో యుద్ధం వచ్చి బావులు మూతపడ్డాయి. 1946 జూన్ 30న మొదటి ఓడ నూనెతో బయల్దేరింది. పైపులు, వాల్వులు, పంపులు, డ్రిల్లింగ్ సామాను అన్నీ బాగు చెయ్యాలంటే వర్క్‌షాపులు కావాలి, వర్క్‌షాపులకి ఫిట్టర్లూ టర్నర్లూ కావాలి. వాళ్ళలో చాలామందిని మన ఉపఖండం నుంచే తెచ్చుకున్నారు. గల్ఫ్‌లోని బ్రిటిష్ ఏజెంట్లు 1947 దాకా ఢిల్లీ కిందే పని చేశారు. 1961 ఏప్రిల్‌లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెలామణీ అయింది కూడా మన రూపాయే. అంటే బొంబాయిలో ఓడెక్కిన ఫిట్టరు ఇక్కడ దిగి కూడా రూపాయల్లోనే జీతం లెక్క పెట్టుకునేవాడు. ఇప్పుడు మనం రోజూ చూసుకునే ఎక్స్‌ఛేంజ్ రేటు తలనొప్పి వాళ్ళకి లేదన్నమాట.

1952లో ఒక బ్రిటిష్ సంస్థ కువైట్ నగరానికి మొదటి మాస్టర్ ప్లాన్ గీసింది. షువైఖ్ పారిశ్రామిక ప్రాంతానికి మూలం అక్కడే. ఇవాళ అక్కడికి వెళ్తే కార్ల గ్యారేజీలు, వెల్డింగ్ షాపులు, లేత్ షాపులు, రేకులు కోసే షియరింగ్ మిషన్లు కిలోమీటర్ల కొద్దీ కనిపిస్తాయి. హిందీ, మలయాళం, బెంగాలీ, పష్తో, తెలుగు అన్నీ కలిసి వినిపిస్తాయి. మనవాళ్ళంటే ఎక్కువగా కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికీ, డ్రైవింగుకీ వచ్చినవాళ్ళే గుర్తొస్తారు గానీ, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వెల్డర్లూ ఫిట్టర్లూ తక్కువేమీ కాదు.

ఇక నన్ను ఈ చరిత్రలోకి దింపిన సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక కంపెనీకి (పేరు వద్దు) మెయింటెనెన్స్ మాడ్యూల్ పెడుతున్నాం. అందులో ప్రమాదాల రిజిస్టరు ఒక స్క్రీను. తేదీ, మిషను నంబరు, మనిషి నంబరు, పోయిన పనిదినాలు, కారణం. కారణం అన్నచోట డ్రాప్ డౌన్ పెట్టమన్నారు. వాళ్ళు పంపిన ఎక్సెల్ షీటులో మొదటి కారణం 'కార్మికుడి అజాగ్రత్త'. దాన్నే డిఫాల్టుగా ఉంచమన్నారు. రెండోది 'భద్రతా పరికరాలు ధరించకపోవడం'. మూడోది 'సూచనలు పాటించకపోవడం'. నాలుగోది 'ఇతరములు'. మిషనుకి గార్డు లేకపోవడం అనే కారణం ఆ జాబితాలో లేదు. అదేమిటండీ అని మీటింగులో అడిగాను. మా మిషన్లన్నీ మంచి కంపెనీవే, గార్డులతోనే వచ్చాయి అన్నారు. వచ్చాయి సరే, ఇప్పుడున్నాయా అని అడిగితే నవ్వి, తర్వాతి స్క్రీనుకి వెళ్దామన్నారు. డిఫాల్టు తీసేసి ఖాళీగా ఉంచాలనీ, గార్డు ఉందా లేదా అన్న గడి వేరేగా ఉండాలనీ నేను మినిట్స్‌లో రాయించాను. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది ఫేజ్ టూలో చూద్దామన్నారు. ఫేజ్ టూ అంటే ఏమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు.

ఆ డ్రాప్ డౌన్ వయసు నూటెనభై ఏళ్ళకి దగ్గర్లో ఉందని తర్వాత తెలిసింది.

1844లో ఇంగ్లండులో వచ్చిన ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో తిరిగే షాఫ్టులకీ ఫ్లైవీల్స్‌కీ కంచె వెయ్యాలంది. అప్పట్లో ఒక్కో మిషనుకీ ఒక్కో మోటారు ఉండేది కాదు. పైకప్పు కింద పొడుగాటి షాఫ్టు ఒకటి తిరుగుతుండేది, దాన్నుంచి తోలు బెల్టులు కిందికి దిగి మిషన్లని తిప్పేవి. బెల్టు సర్దడానికి ఎక్కిన మనిషి బట్ట చిక్కుకుంటే ఆ షాఫ్టుతో పాటే తిరిగి పైకప్పుకి కొట్టుకునేవాడు. మిల్లు యజమానులు ఏమన్నారంటే, ఏడడుగులకన్నా ఎత్తులో ఉన్న షాఫ్టుకి కంచె అక్కర్లేదు, జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. లెనార్డ్ హార్నర్ అనే ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు 1854లో అన్ని షాఫ్టులకీ కంచె ఉండాల్సిందేనని సర్క్యులర్ ఇచ్చాడు. దాంతో యజమానులు 1855లో మాంచెస్టర్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పనల్లా ఈ కేసుల్లో సభ్యుల తరఫున పోరాడటమే. చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దీనిమీద వరసగా వ్యాసాలు వేశాడు. చాలావరకు రాసింది హెన్రీ మోర్లే. ఆ సంఘానికి వాళ్ళు పెట్టిన వెక్కిరింపు పేరు, తెలుగులో చెప్పాలంటే, కార్మికుల్ని నలగ్గొట్టే సంఘం. వీళ్ళకి ఎదురుగా కలం పట్టినావిడ హారియెట్ మార్టినో. బానిసత్వాన్ని వ్యతిరేకించిన పెద్ద రచయిత్రి, మామూలు మనిషి కాదు. ప్రమాదాల్లో ఎక్కువ భాగం పనివాళ్ళ సొంత అజాగ్రత్త వల్లే జరుగుతున్నాయనీ, చట్టం తలదూర్చడం తప్పనీ ఆవిడ వాదన. ఒక ప్రసిద్ధ పత్రిక ఆ వ్యాసాన్ని వేసుకోనంటే యజమానుల సంఘమే దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించింది. గెలిచిందెవరనుకుంటున్నారు? 1856లో చట్టాన్ని సడలించారు. ఆడవాళ్ళూ పిల్లలూ తిరిగే చోట మాత్రమే కంచె ఉంటే చాలన్నారు. మగవాడు జాగ్రత్తగా ఉండాలి, అంతే.

ఇక్కడ చిన్న తమాషా ఉంది. ఒక తరం గడిచాక అదే లాంకషైర్ మిల్లు వర్గాలు బొంబాయి మిల్లులకి మాత్రం ఫ్యాక్టరీ చట్టం కావాలని ఒత్తిడి తెచ్చాయి. పాపం మన కూలీల మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకునేరు! బొంబాయి నూలు పోటీకి రావడమే ఆ ప్రేమకి పెద్ద కారణం. అలా 1881లో మన దేశపు మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. వందమంది పైన పని చేసే చోట్లకే వర్తింపు, ఏడేళ్ళలోపు పిల్లల్ని పెట్టకూడదు, ప్రమాదకరమైన మిషన్లకి కంచె ఉండాలి. ఉద్దేశం ఏదైనా చట్టం పుస్తకంలోకైతే ఎక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టంలో 21వ సెక్షన్ ఇంకా గట్టిగా రాశారు. గార్డు బలమైనదై ఉండాలి, మిషను తిరుగుతున్నంతసేపూ దాని చోటులో అది ఉండాలి. ఆ తర్వాతి సెక్షన్లో, తిరిగే మిషను దగ్గరికి వెళ్ళేవాడు ఒంటికి అతుక్కుని ఉండే బట్టలే వేసుకోవాలనీ, ఆ బట్టలు యజమానే ఇవ్వాలనీ ఉండేది. బాబాయ్ మాస్టారు స్కేలుతో చెప్పిన పాఠం ఇదేనన్నమాట.

లోహపు పనికి సంబంధించినంతవరకూ నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు 1955లో బ్రిటన్‌లో వచ్చింది. జాన్ సమ్మర్స్ అనే ఉక్కు కంపెనీలో ఫ్రాస్ట్ అనే ఫిట్టరు బొటనవేలు గ్రైండింగ్ వీల్‌కి తగిలి దెబ్బతింది. వీల్‌కి పైన కొంత కవర్ ఉంది, పని పెట్టే చోట ఖాళీ ఉంది. ఖాళీ లేకపోతే గ్రైండింగ్ ఎలా చేస్తారండీ, పూర్తిగా మూసేస్తే ఆ మిషను ఎందుకు పనికొస్తుంది అని కంపెనీ వాదించింది. వినడానికి సబబుగానే ఉంది కదా! హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం ఒప్పుకోలేదు. చట్టం గార్డు ఉండాలంది, గార్డు పెడితే మిషను పనికిరాకుండా పోతుందా లేదా అన్నది చట్టం అడగలేదు అన్నారు. మనుషులు ఒక్కోసారి పరధ్యానంగా ఉంటారని ముందే ఊహించి కంచె వెయ్యాలి తప్ప, జాగ్రత్తగా ఉండేవాణ్ణి మాత్రమే లెక్కలోకి తీసుకుంటే కుదరదని కూడా ఆ తీర్పుల ధోరణి. హారియెట్ మార్టినోకి వందేళ్ళ తర్వాత దొరికిన జవాబు అది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, యూజరు తప్పు నొక్కుతాడని తెలిసి కూడా ఆ బటన్ని అక్కడ పెట్టినవాడిదే బాధ్యత.

ఇప్పుడు మళ్ళీ కువైట్. 1961లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఈ దేశం అంతర్జాతీయ కార్మిక సంస్థలో చేరింది. ఆ సంస్థ 1963లో మిషన్లకి గార్డుల గురించే ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసింది, నంబరు 119. గార్డు లేని ప్రమాదకరమైన మిషన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అంటుంది అది. 11వ అధికరణంలో రెండు ముక్కలున్నాయి. గార్డు తన చోటులో లేకుండా ఏ పనివాడూ మిషను వాడకూడదు. ఏ పనివాణ్ణీ అలా వాడమని అడగనూకూడదు. కువైట్ దీన్ని 1964లోనే ఆమోదించింది, ఒప్పందం అమల్లోకి రాకముందే. మన దేశం ఆమోదించలేదు. నమ్మబుద్ధి కాకపోయినా అదీ సంగతి. అదే 1964లో కువైట్‌కి ప్రైవేటు రంగ కార్మిక చట్టం (నంబరు 38) వచ్చింది, దాని స్థానంలో 2010లో ఆరో నంబరు చట్టం వచ్చింది.

బాబాయ్ ఎడమచేతి మధ్యవేలు రెండు కణుపులు లేవు. 2003లో ఇక్కడే ఒక చిన్న వర్క్‌షాపులో పోయాయి. అది లేత్ మీద కూడా కాదు, పెద్ద డ్రిల్లింగ్ మిషను మీద. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. ఆ గ్లవ్స్ ఇచ్చింది సూపర్‌వైజరే. వేడి చిప్స్ కాలుతున్నాయని అందరికీ పంచాడట. వద్దు సార్ అంటే, నీకు తెలుసా నాకు తెలుసా అన్నాడట. ఆస్పత్రిలో ఉండగా అరబ్బీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చాలా రోజుల తర్వాత ఒక ఈజిప్టు అకౌంటెంటు చదివి చెప్పాడు, గోడ మీద సూచన ఉన్నా గ్లవ్స్ వేసుకుని పని చేశాను అని అందులో రాసి ఉందని. వైద్యం చేయించారు, జీతం ఆపలేదు. పరిహారం మాత్రం రాలేదు.

2010 చట్టం చూస్తే అందులో లెక్క ఇలా ఉంది. కావాలని గాయపరుచుకున్నా, ఘోరమైన తప్పు చేసినా పనివాడికి పరిహారం హక్కు పోతుంది. అయితే చనిపోయినా, శాశ్వత వైకల్యం 25 శాతం దాటినా మాత్రం తప్పు ఎవరిదైనా ఇవ్వాల్సిందే. మంచి నిబంధనే. కానీ ఆ 25 అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. కువైట్ వైకల్య పట్టిక వేరు, మన అంచనాకి 1923 నాటి మన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం పట్టిక తీసుకుందాం. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. మధ్యవేలు 12. ఉంగరంవేలో చిటికెనవేలో అయితే 7. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20, మూడు పోతే 30. బొటనవేలు మినహా తక్కిన నాలుగూ పోతే 50. ప్రెస్సులూ డ్రిల్లులూ షియరింగ్ మిషన్లూ తినేది మామూలుగా ఒక వేలు, లేదా రెండు. అంటే ఇలాంటి పట్టికతో కొలిస్తే, ఎక్కువగా జరిగే గాయాలన్నీ సరిగ్గా ఆ గీత కిందే పడతాయి. తప్పెవరిది అన్న ప్రశ్నకి డబ్బు విలువ ఉండేది కూడా అక్కడే. డ్రాప్ డౌన్‌లో మొదటి కారణం ఎందుకు మొదట ఉందో నాకు అప్పుడర్థమైంది. మన 1923 చట్టంలోనూ ఇలాంటి మెలికే ఉండేది. పనివాడు కావాలని గార్డు తీసేస్తే, అతను చనిపోతే తప్ప పరిహారం లేదని ఒకప్పుడు ఉండేది. పూర్తి శాశ్వత వైకల్యాన్ని ఆ మినహాయింపులో తర్వాతెప్పుడో 1995లో కలిపారు.

గార్డులు ఎందుకు తీసేస్తారు? మిషను తుడవాలంటే అడ్డం, పెద్ద ముక్క పట్టదు, పని నెమ్మది అవుతుంది. పవర్ ప్రెస్‌కి రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కిందికి దిగే ఏర్పాటు ఉంటుంది. రెండు చేతులూ బటన్ల మీదే ఉంటే డై కింద ఏ చెయ్యీ ఉండదు కదా, అదీ కిటుకు. ఒక బటన్‌కి టేపు చుట్టేస్తే ఒంటి చేత్తో పని రెట్టింపు అవుతుంది. హ్యాండ్ గ్రైండరుకి గార్డు ఊడదీసి దానికి పట్టాల్సినదానికన్నా పెద్ద బిళ్ళ బిగించడం షువైఖ్‌లో ఎవరికీ వింత కాదు. చిన్న గ్రైండరు వేగం ఎక్కువ, పెద్ద బిళ్ళ అంత వేగానికి తయారైంది కాదు, పగిలితే ముక్కలు మొహం మీదికే వస్తాయి. సీఎన్‌సీ మిషన్లకి తలుపు తెరిస్తే ఆగిపోయే స్విచ్ ఉంటుంది. దానికి తాళంచెవి ముక్కొకటి దూర్చి తలుపు మూసి ఉన్నట్టు మిషన్ని మోసం చేస్తారు. మా వృత్తిలో థెరాక్-25 కథ అందరూ చదువుకుంటారు. రేడియేషన్ ఇచ్చే ఆ మిషనులో, పాత మోడళ్ళకున్న హార్డ్‌వేర్ అడ్డంకులు తీసేసి అంతా సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే 1985, 87 మధ్య ఆరు ప్రమాదాలు జరిగాయి. ఇక్కడ తాళంచెవి ముక్క, అక్కడ కోడు.

చావులైతే వార్త అవుతాయి. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు, మన ఆంధ్రా వాళ్ళూ ఉన్నారని తెలిసి, ఇక్కడ తెలుగువాళ్ళం ఎవరం ఆ వారం సరిగ్గా నిద్రపోలేదు. రెండు దేశాలూ కదిలాయి. వేలు పోతే ఎవరూ కదలరు. ఆర్టికల్ 18 అకామా మీద ఉన్న మనిషికి ఉండే హక్కూ, పనీ, గదీ అన్నీ ఒకే యజమానికి ముడిపడి ఉంటాయి. ఒప్పందంలో ఉన్న ఆ రెండో ముక్క, గార్డు లేకుండా చెయ్యమని అడగకూడదన్నది, అరవై ఏళ్ళుగా కాగితం మీద ఉంది. నేను చెయ్యను సార్ అని చెప్పి మర్నాడు అదే గదిలో నిద్ర లేవగలిగినవాడికే అది పనికొస్తుంది. మన దేశంలో భోపాల్ తర్వాత 1987లో, ముంచుకొచ్చే ప్రమాదం గురించి పనివాడు నేరుగా ఫిర్యాదు చేసే హక్కు చట్టంలో చేర్చారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ఆటోనగర్‌లో దాన్ని ఎంతమంది వాడారో గాజువాక వాళ్ళెవరైనా చెప్పాలి.

బాబాయ్ ఇప్పుడు ఉన్న చోట ఫోర్‌మన్. కింద ఎనిమిది మంది కుర్రాళ్ళు. చక్ కీకి స్ప్రింగు బిగించి ఇచ్చారు అందరికీ. చక్‌లో పెట్టి చెయ్యి వదిలితే అదే బయటికి తన్నుకొస్తుంది, మర్చిపోదామన్నా కుదరదు. స్ప్రింగు ఖర్చు ఎంతని అడిగాను.

"పావు దీనారు బాబూ. కంపెనీని అడిగితే కొటేషను తెమ్మన్నారు. నేనే కొనేశాను."